నేనెవరో చెప్పు చూద్దాం!

రథసప్తమి నాడు మా ఆడపడుచు కుటుంబమంతా కాకినాడ నుంచి వచ్చారు. ఆవిడ వాళ్ళన్నయ్యని చూసి ఏడాది దాటింది. గుమ్మంలో చెప్పులు విడిచీ విడవగానే నేరుగా వసారాలో కుర్చీ దగ్గరికెళ్ళి, ఆయన ముందు వంగి, "అన్నయ్యా, నేనెవరో చెప్పు చూద్దాం!" అంది.

మా వారు ఆవిడ వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. మళ్ళీ ఆవిడ వంక తిరిగి, "తెలీకపోవడమేంటండీ, రండి రండి, కూర్చోండి, ఎండన పడి వచ్చారు" అన్నారు. సొంత చెల్లెల్ని "రండి" అనేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. వాళ్ళాయన ఊరుకోవచ్చుగా, "బావగారూ, ఇవాళేం వారమో చెప్పండి" అన్నారు. పిల్లలు కూడా మొదలెట్టారు. "తాతయ్యా, నా పేరేంటి?" "ఇప్పుడు ముఖ్యమంత్రి ఎవరు?" అరగంటలో ఏడెనిమిది ప్రశ్నలు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఏదో ఒకటి గుర్తొస్తే బావుణ్ణన్న ఆశ, అంతే.

వాళ్ళు వెళ్ళాక ఆయన అన్నం దగ్గరికి రాలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. పళ్ళెం తీసుకెళ్ళి పక్కన కూర్చుంటే, "నేనేమన్నా తప్పు చేశానే?" అని అడిగారు. ఎవరొచ్చారో, ఏమడిగారో అప్పటికే ఆయనకి గుర్తులేదు. కానీ పరీక్ష తప్పిన బాధ మాత్రం మిగిలిపోయింది. ఆ రాత్రే ఇది రాయాలనుకున్నాను.

మాది ధవళేశ్వరం. మా వారు ఇరిగేషన్‌లో పనిచేసి 2007లో రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. నాలుగేళ్ళ కిందట మొదలైంది ఈ మతిమరుపు. కరెంటు బిల్లు పైసలతో సహా నోటికి చెప్పే మనిషి, పాలవాడికి ఒకే నెలలో రెండుసార్లు డబ్బులిచ్చారు. పెద్దతనం, చాదస్తం అనుకున్నాం. ఒకరోజు కూరలకని వెళ్ళి మూడు గంటలు రాలేదు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర నిలబడి ఉంటే ఒక ఆటో అబ్బాయి జేబులో మందుల చీటీ మీద నంబరు చూసి ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచి ఆయన చొక్కా జేబులో పేరూ ఫోన్ నంబరూ రాసిన కార్డు లేకుండా గడప దాటనివ్వను.

డాక్టరుగారు స్కానింగు తీయించారు. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించారు. అవి తక్కువైనా ఇలాంటి మరుపే వస్తుందట, దానికైతే మందులతో నయమవుతుందట. అందుకే, "పెద్దవాళ్ళకి మామూలే" అని ఇంట్లోనే తేల్చేసుకోకుండా ఒకసారి చూపించండి అని అందరికీ చెప్తుంటాను. మా వారిది ఆ రకం కాదు, అల్జీమర్స్. మాత్రలు కొందరికి కొంతకాలం పనిచేస్తాయి, జబ్బుని మాత్రం ఆపలేవు అన్నారు. వచ్చేసేటప్పుడు ఒక మాటన్నారు: "ఊరికే కూర్చోబెట్టకండమ్మా, మెదడుకి ఏదో ఒక పని ఉండాలి." ఏ పని, ఎలాగ అన్నది ఎవరూ చెప్పలేదు. ఈ నాలుగేళ్ళలో తప్పులు చేసుకుంటూ నేను నేర్చుకున్నదే ఇప్పుడు రాస్తున్నది.

ఇది మా ఒక్క ఇంటి సంగతీ కాదు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే లెక్క. మీ వీధిలోనూ ఒకళ్ళు ఉండే ఉంటారు. వసారాలో కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటారు.

మన ఇళ్ళలో ఇలాంటివాళ్ళతో రెండు తప్పులు చేస్తున్నాం అని నా అభిప్రాయం. రెండూ ప్రేమతోనే చేస్తాం.

మొదటిది, కూర్చోబెట్టేయడం. "మీరెందుకు లెండి, మేం చేస్తాంగా" అని చేతిలో పని లాగేసుకుంటాం. మంచినీళ్ళు కూడా ముంచుకోనివ్వం. టీవీ పెట్టి, దిండు సర్ది, అక్కడితో మన బాధ్యత అయిపోయిందనుకుంటాం. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. అలా చేసిన ఆర్నెల్లలో ఆయన పదేళ్ళు పెద్దయినట్టు కనిపించారు. మధ్యాహ్నమంతా కునుకు, రాత్రంతా జాగారం. సాయంత్రమయ్యేసరికి గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇంటికెళ్దాం పద" అని ఒకటే పోరు. ఇల్లు ఇదేనండీ అంటే కోపం.

రెండోది, పరీక్షలు పెట్టడం. మతిమరుపు తగ్గాలంటే గుర్తు చేస్తూ ఉండాలి అనుకుంటాం. పొద్దున్నేం తిన్నారు, ఇవాళ తారీఖెంత, వీళ్ళెవరు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి మెదడుకి పదును పెట్టే ఆటలని చెప్పి ఒక ట్యాబ్ కొని పంపాడు. తప్పు నొక్కితే కయ్యిమని చప్పుడొచ్చి ఎర్ర గుర్తు పడుతుంది. ఆయన మూడు రోజులు ఆడారు. నాలుగో రోజు దాన్ని బోర్లా పెట్టి, "ఇది పాడైపోయిందే" అన్నారు. నాకు మళ్ళీ దాన్ని తెరవబుద్ధి కాలేదు. వాడు దూరం నుంచి చేయగలిగింది చేశాడు, వాణ్ణేమీ అనను. కానీ పోయిన జ్ఞాపకాన్ని గుచ్చి గుచ్చి అడిగితే తిరిగి రాదు. అడిగిన ప్రతిసారీ "నీకిది పోయింది" అని ఆ మనిషికి చెప్పినట్టవుతుంది.

మరి ఏం చేయాలో నాకు తెలిసింది చిక్కుడుకాయల దగ్గర.

ఒక శీతాకాలం ఉదయం వసారాలో చాట ముందేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. లోపల ఫోన్ మోగితే లేచాను. తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీ దిగి కింద కూర్చుని ఈనెలు తీస్తున్నారు. కాయ తీసుకోవడం, కొస విరవడం, నారు లాగడం, తిప్పి రెండో వైపు లాగడం. ఎవరో దగ్గరుండి నేర్పించినట్టుంది చెయ్యి. చిన్నప్పుడు వాళ్ళమ్మగారికి పనిలో సాయం చేసేవారని అత్తగారు ఎప్పుడో చెప్పారు గానీ, పెళ్ళయిన నలభై ఎనిమిదేళ్ళలో ఆయన కూరగాయ ముట్టుకోవడం నేను చూడలేదు. ఏమీ అనకుండా ఎదురుగా కూర్చుని నేనూ తీశాను. కిలో కాయలకి గంట పట్టింది. ఆ గంటలో ఆయన "ఇంటికెళ్దాం" అనలేదు. మధ్యాహ్నం కూర వడ్డిస్తే, "కాయలు లేతగా ఉన్నాయి" అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన నోట విన్న అభిప్రాయం అది.

తర్వాత డాక్టరుగారిని అడిగితే చెప్పారు. ఈ జబ్బులో ముందు పోయేది నిన్నా మొన్నటి సంగతులు దాచే చోటట. ఏళ్ళ తరబడి చేతులు చేసిన అలవాట్లు మెదడులో వేరే చోట ఉంటాయట, అవి చాలాకాలం నిలుస్తాయట. పాటలు, ఎక్కాలు, చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాలు కూడా అంతే. నోటికొచ్చింది నోటికే గుర్తుంటుంది. మా వారికి నా పేరు ఒక్కోసారి తట్టదు గానీ, సుమతీ శతకంలో మొదటి రెండు మాటలు నేనందిస్తే చివరిదాకా చదివేస్తారు. ఇంకోటి కూడా ఉంది. మన కాటన్ బ్యారేజీకి నాలుగు ముక్కలు, మొత్తం 175 గేట్లు. "ధవళేశ్వరం?" అంటే "డెబ్బై". "ర్యాలి?" అంటే "నలభై మూడు". మద్దూరు ఇరవై మూడు, విజ్జేశ్వరం ముప్పై తొమ్మిది. ఇది పరీక్ష కాదా అంటారేమో. ఆయన తప్పే అవకాశమే లేనిది కాబట్టి కాదు. ఆ అంకెలు చెప్పేటప్పుడు ఆయన నడుం నిటారుగా అవుతుంది. ఎప్పుడైనా తడబడితే ఆ రోజు నుంచి మానేస్తాను.

ఇలాంటి పద్ధతికి బయట దేశాల్లో ఒక చికిత్స రూపమే ఉంది. బ్రిటన్‌లో రూపొందించారు. కొద్దిమందిని కూర్చోబెట్టి వారానికి రెండుసార్లు, మొత్తం 14 సార్లు ఆటలు, పాటలు, వంట, పాత వస్తువులు, కబుర్లు. తొలి, నడిమి దశల్లో ఉన్నవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య మార్గదర్శకాలు కూడా దీన్ని సిఫారసు చేస్తాయి. మన పక్కన చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ వాళ్ళు దీన్ని తమిళుల అలవాట్లకి తగ్గట్టు మార్చి చూశారు. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: వాళ్ళని నిజాలు అడక్కూడదు, అభిప్రాయాలు అడగాలి. "ఇది ఏ పండు?" అనకూడదు. "ఈ పండు మీకు ఇష్టమేనా?" అనాలి. మొదటిదానికి తప్పు జవాబుంది. రెండోదానికి లేదు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే మొదటి రెండేళ్ళు ఆయన్ని అంత ఏడిపించేదాన్ని కాదు.

మన తెలుగువాళ్ళ మీద జరిగిన పరిశోధన కూడా ఒకటుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి, ఒకే భాష వచ్చినవాళ్ళకంటే సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైందట. బడికెళ్ళనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించిందట. నాకర్థమైంది ఏమిటంటే, మెదడుకి కసరత్తు అంటే పుస్తకాలూ పజిల్సే కానక్కర్లేదు. సంతలో బేరమాడుతూ రెండు భాషలు మాట్లాడినా కసరత్తే. రోజూ బతికే బతుకులోనే ఉంది అది.

అందుకని మా ఇంట్లో ఆయన కోసం విడిగా ఏ "కార్యక్రమం" పెట్టలేదు. ఇంట్లో ఎలాగూ జరగాల్సిన పనుల్లోనే ఆయన్ని కూర్చోబెట్టుకున్నాను.

పొద్దున్నే పేపరు. గోదావరి పెరిగే రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పేపర్లో వేస్తారు కదా. నేను చదువుతాను, ఆయన రూళ్ళ పుస్తకంలో తారీఖు వేసి అంకె రాస్తారు. తారీఖు కూడా నేనే చెప్తాను, అడగను. "ఎక్కువేనంటారా?" అంటాను. "పదకొండు ముప్పావుకి మొదటి హెచ్చరిక. ఇంకా టైముంది" అంటారు. వరద లేని రోజుల్లో పాల లెక్క రాస్తారు. ఒక్కోసారి పాల లెక్క అడుగులూ అంగుళాల్లో ఉంటుంది. ఉండనీ.

తర్వాత కాలాన్ని బట్టి పని. కొత్త చింతపండు వస్తే పిక్కలు తీయడం. కొబ్బరాకులు పడితే ఈనెలు చీరి చీపురు కట్టడం. కత్తి నేను పడతాను, చీరిన ఈనెల్ని చేత్తో దువ్వి, కొసలు సమానంగా నేలకి తట్టడం ఆయన పని. వేసవిలో ఆవకాయ. ఒకప్పుడు కాయలు కొట్టించడం ఆయన చేతి మీదుగానే జరిగేది. ఇప్పుడు కత్తిపీట దగ్గరికి రానివ్వను. ముక్కల్ని పొడిగుడ్డతో తుడిచి, జీడి, పొర తీసి పళ్ళెంలో వేస్తారు. మధ్యలో ఒకటి నోట్లో వేసుకుంటారు. మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడతాం. సాయంత్రం దీపం వేళకి ముందే గట్టు మీద నడక, వచ్చాక రేడియోలోనో ఫోన్లోనో ఘంటసాల పాటలు. సాయంత్రాలు వచ్చే ఆ గాభరాకి మాకు పనిచేసిన మందు ఆ నడకా, ఆ పాటలూ.

ఇలా చేయడంలో నేను పట్టుకున్న కిటుకులు కొన్ని. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి ఒక్క ముక్కే ఇవ్వాలి. ఇచ్చి వెళ్ళిపోకూడదు, పక్కనే కూర్చుని అదే పని మనమూ చేయాలి. మాటతో చెప్పేకంటే చేసి చూపిస్తే చూసి చేస్తారు. తప్పు దిద్దకూడదు. విసుగు మొదలయ్యే లోపే "ఇవాళ్టికి చాలు, చాలా పనైంది" అని మనమే ఆపేయాలి. ఉత్తుత్తి పని ఇవ్వకూడదు. ఒకసారి పని లేక, కలిపేసిన కందులూ పెసలూ వేరు చేయమని ఇచ్చాను. కాసేపు చూసి, "ఎవరు కలిపారివి?" అని అడిగారు. సిగ్గుపడ్డాను. మతి పోయింది గానీ, మనం ఆడిస్తున్నామా నిజంగా అడుగుతున్నామా అన్నది వాళ్ళకి ఇంకా తెలుస్తుంది.

ఈ సంగతిలో మావాళ్ళ నుంచే నాకు మాటలు పడ్డాయి. మా తోటికోడలు ఒకరోజు వచ్చి, బావగారు చింతపండు ముందు కూర్చుని ఉండటం చూసి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "అక్కా, ఊళ్ళో అందరూ దణ్ణం పెట్టిన మనిషి. ఆయన చేత ఆడంగి పనులు చేయిస్తావా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నిజంగానే ఆయన గౌరవం తీస్తున్నానా అని.

ఆలోచించగా నాకు తోచింది ఇది. గౌరవం పేరుతో మనం ఆయనకిచ్చింది ఒక కుర్చీ. ముప్పై ఏళ్ళు వరదల్లో రాత్రింబవళ్ళు గట్టు మీద నిలబడ్డ మనిషికి, ఇంట్లో తన అవసరం ఎవరికీ లేదని రోజూ తెలిసేలా చేసే కుర్చీ. దానికంటే, "ఏవండీ, ఈ పిక్కలు తీసిపెడితే గానీ పులుసు పెట్టలేను" అనే మాటలోనే గౌరవం ఎక్కువ ఉంది. ఆడపనీ మగపనీ అన్న తేడా ఆయన మతిలోంచి ఎప్పుడో పోయింది. మనమే ఇంకా పట్టుకు వేలాడుతున్నాం.

ఇదే మాట తిరగేసి ఇంకొకళ్ళకి కూడా చెప్పాలి. భార్యకి ఈ జబ్బు వచ్చిన ఇళ్ళలో మొట్టమొదట చేసేది ఆవిడ్ని వంటింట్లోంచి బయటికి పంపేయడం. గ్యాస్ భయం నిజమే, గ్యాస్ కట్టేయండి, కత్తి దాచేయండి. కానీ యాభై ఏళ్ళు ఆ గదిలో బతికిన మనిషికి చపాతీ పిండి కలపడం, కరివేపాకు దూయడం, పూలు కట్టడం చేతికి తెలుసు. భర్తగారు పక్కన పీట వేసుకుని కూర్చుని తనూ నేర్చుకుంటే, ఆవిడ చెప్తుంది, ఈయన చేస్తాడు. ఈ వయసులో మగవాళ్ళు వంటిల్లు నేర్చుకోవడమా అనకండి. మా వారు నేర్చుకోలేదూ!

అన్నీ బావున్నట్టు రాసేస్తే అబద్ధమవుతుంది. పనిచేయనివీ ఉన్నాయి. ఆయనకి అష్టాచెమ్మా అంటే ప్రాణం కదా అని పట్టం గీసి కూర్చున్నాను. కాయ ఎటు నడపాలో తెలీక గవ్వలు విసిరికొట్టారు. తర్వాత పట్టం తీసేసి, గవ్వలేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టడమే ఆటగా పెట్టాను. కిందటేడు లెక్కపెట్టేవారు. ఈ ఏడు గవ్వలు వేస్తారు, లెక్క నేను పెడుతున్నాను. వచ్చే ఏడు ఏమవుతుందో నాకు తెలుసు. జబ్బు వెనక్కి వెళ్ళదు.

నేను అరిచిన రోజులున్నాయి. ఒకసారి తెల్లారుజామున నాలుగింటికి లేచి, "గేట్లెత్తాలి, జీపొచ్చిందా?" అంటూ తలుపు గడియ తీస్తున్నారు. "మీరు రిటైరై పద్దెనిమిదేళ్ళయింది, పడుకోండి" అని గట్టిగా అన్నాను. చిన్నపిల్లాడిలా బిక్కమొహం వేశారు. ఆ మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది. మళ్ళీ ఇంకో తెల్లారుజామున అదే మాటంటే, "జీపింకా రాలేదండీ, కాఫీ తాగండి ఈలోగా. గేజి ఎంతుందంటారు?" అన్నాను. కూర్చున్నారు. 1986 ఆగస్టు వరద చెప్పడం మొదలెట్టారు. 35 లక్షల క్యూసెక్కులు, కోనసీమ అంతా నీళ్ళు, గట్టు మీద లాంతర్లు. ఆ రోజుల్లో నేను ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఇంట్లో భయపడుతూ కూర్చున్నాను. ఆయన గట్టు మీద ఏం చూశారో, ఎంత భయపడ్డారో నాకెప్పుడూ చెప్పలేదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, మతి పోతున్న కాలంలో, తెల్లారుజామున కాఫీ గ్లాసుతో చెప్పారు. అబద్ధమాడానా అంటే ఆడాను. అదేమీ పాపంగా అనిపించలేదు.

ఇంతా చేస్తే మతి నిలుస్తుందా అని అడుగుతారు. నిలుస్తుందని నేను చెప్పను. ఇంట్లోవాళ్ళే దగ్గర కూర్చుని ఇలాంటివి చేయిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో 356 జంటలతో, అంటే రోగీ వాళ్ళని చూసుకునే మనిషీ కలిపి ఒక జంటగా, పరీక్షించి 2017లో చెప్పారు. జ్ఞాపకశక్తి ఏమీ పెరగలేదట. కానీ తమని చూసుకునే మనిషితో అనుబంధం బాగుందని రోగులే చెప్పారట. చూసుకునేవాళ్ళ బతుకు కూడా కొంత మెరుగైందట. ఇది విని కొందరు, "అంటే లాభం లేదన్నమాట" అన్నారు. నాకు మాత్రం నేను వెతుకుతున్నది అదేననిపించింది. ఆయనకి నా పేరు గుర్తుండాలని మొదట్లో పంతం పట్టాను. ఇప్పుడు ఆ పంతం లేదు. పక్కన కూర్చున్న ఈ మనిషి తనవాళ్ళే, తనని తప్పు పట్టదు అని ఆయనకి తెలిస్తే చాలు. అది తెలుస్తోంది. నేను లేచి లోపలికెళ్తే చేతిలో పని ఆపి గుమ్మం వైపు చూస్తారు.

చూసుకునేవాళ్ళ గురించీ ఒక మాట. రోజంతా ఒక్కరే చేయలేరు. మా అమ్మాయి వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటుంది, ఆ రెండు గంటలూ నేను నిద్రపోతాను. గుడికి కూడా వెళ్ళను, నిద్రే. అడగడానికి మొదట మొహమాటపడ్డాను. మీరు పడకండి. ఎవరూ లేకపోతే పెద్దవాళ్ళ కోసం 14567, మనసు బాగోకపోతే 14416 అని ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబర్లున్నాయి, చేయడంలో తప్పులేదు. చుట్టాలు, "మేమేం చేయగలం" అంటుంటారు కదా, వాళ్ళకి కూడా చెప్పండి. పళ్ళూ స్వీట్లూ వద్దు, ఒక గంట ఇవ్వమనండి. వచ్చి మీ పేరూ వరసా మీరే చెప్పండి, ఆయన్ని అడక్కండి, పక్కన కూర్చుని పని చేయండి అనండి.

మా ఆడపడుచుకి ఫోన్లో ఇదే చెప్పాను. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఏడ్చింది. ఉగాదికి ముందు మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కత్తే, సంచిలో కొత్త చింతపండుతో. వసారాలో కింద కూర్చుని, "అన్నయ్యా, నేను నీ చెల్లెల్ని. నీతో కలిసి పిక్కలు తీద్దామని వచ్చాను" అంది. ఆయన కుర్చీ దిగారు. ముగ్గురం కూర్చున్నాం. చాలాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆయన ఒక పిక్కని వేళ్ళ మధ్య తిప్పి చూసి, పక్కన పెట్టి, ఆవిడతో, "మా చెల్లి కూడా పిక్కలు దాచుకునేదండీ. అష్టాచెమ్మాకి" అన్నారు.

"అవునా? ఇంకా ఏం చేసేది?" అని అడిగింది ఆవిడ. ఆయన చెప్పుకుంటూ పోయారు. తన చిన్నతనమంతా తనకే కొత్త మనిషికి చెప్పినట్టు చెప్తుంటే, ఆవిడ ఊ కొడుతూ, పమిటతో కళ్ళు తుడుచుకుంటూ, చెయ్యి ఆపకుండా పిక్కలు తీసింది.

ఆ చింతపండులో ఇప్పటికీ అక్కడక్కడా పిక్కలొస్తున్నాయి. చారుకి నానబెట్టేటప్పుడు చూసి తీసేస్తున్నాను.